చేత్తో వాసనని పిలిచే సారు

ఎస్సెమ్మెస్ వచ్చేసరికి నేను బెంజ్ సర్కిల్ సిగ్నల్లో స్కూటీ మీద ఉన్నాను. ఫోను చేతిలోనే ఉంది. అదెప్పుడూ చేతిలోనే ఉంటుంది, మా అమ్మ నన్ను తిట్టేదీ అందుకే. "సార్ పోయారు. ఆదివారం మన సంస్థలో సంతాప సభ. లంచ్ ఉంటుంది. తప్పక రావలెను." అంతే. మనిషి పోయాడన్న ముక్కకీ లంచ్ ఉందన్న ముక్కకీ మధ్య దూరం అంతే. వెనక ఆటో అతను హారన్ మీంచి చెయ్యి తియ్యట్లేదు.

"గ్రీనొచ్చింది తల్లీ! ఆ ఫోను ఇంటికెళ్లి చూసుకో!"

ఏడుపేమీ రాలేదు. ఇంటికెళ్లి పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోస్తుంటే మాత్రం నా కుడి చెయ్యి దానంతటదే లేచింది. గిన్నె మీద గాలిని మెల్లగా నా ముక్కు వైపు తోసింది. పాలు, పప్పు, హోటల్లో మంచినీళ్లు, ఏది ముందు పెట్టినా ముందు అలా వాసన చూడందే నోట్లో పెట్టుకోలేను. ఆ అలవాటు ఆయన ఇచ్చిందే. చచ్చిపోయినా ఆయన చెయ్యి నా చేతిలో ఉండిపోయినట్టుంది. చిరాకేసి చెయ్యి కడుక్కున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కంపెనీ నన్ను ఆయన పాఠాలు చెప్పే సంస్థకి ట్రైనింగుకి పంపింది. నేల కింద నీళ్లలోకి విషం ఎలా చేరుతుంది, దాన్ని ఎలా కనిపెట్టాలి, చెడిపోయిన చోటుని మళ్లీ ఎలా శుభ్రం చెయ్యాలి, ఇదీ కోర్సు. ఏసీ హాలు, నీలం ఫైలు, పెన్ను, మధ్యాహ్నం బిర్యానీ. ఇలాంటివాటిల్లో నిద్ర పట్టకుండా ఉండటానికే నేను ఫోను పట్టుకుని కూర్చుంటాను. ఆయన లోపలికి రాగానే నా దగ్గరికే వచ్చాడు.

"అమ్మాయ్, అందులో ఏవుంది?"

"మెసేజ్ సార్."

"ఎవరిదీ?"

"ఫ్రెండుది సార్."

"నీ కాళ్ల కిందనుంచి కూడా ఒక మెసేజ్ వస్తోంది. అది చదవడం వచ్చాక ఇది చదువుకో."

హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట ఆయన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరి ఫోను పట్టుకుని అంటాడని తర్వాత తెలిసింది.

పాఠం మాత్రం అద్భుతంగా చెప్పేవాడు. ఆ సంగతి కాదంటే అబద్ధమవుతుంది. సుద్దముక్క బోర్డు మీంచి ఎత్తకుండా కృష్ణ ఒడ్డు నుంచి సముద్రం దాకా నేలని నిలువుగా కోసి చూపించేవాడు. పైన నల్లమట్టి, కింద ఇసక, ఆ ఇసకలో తీపి నీళ్లు, వాటి అడుగున కాచుకుని కూర్చున్న ఉప్పు నీళ్లు. "డెల్టా అంటే పచ్చటి పొలాలు కాదు నాయనా, తడి స్పాంజి. పైన ఏది ఒలకబోస్తే అది లోపలికి పీల్చుకుంటుంది, ఎవరికీ చెప్పకుండా," అనేవాడు. అంత సుద్ద వాడినా చొక్కా మీద ఒక్క మరక ఉండేది కాదు. సైటు మీద బురదలో తిరిగొచ్చినా అంతే. జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి, ఒక మడతతో చెయ్యి తుడుచుకుని, ఆ మడత లోపలికి తిప్పి మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. మురికంతా లోపలే ఉండేది. బయటికి ఎప్పుడూ తెల్లగానే కనపడేది.

వాసన చూడటం ఒక పూటంతా నేర్పాడు. సీసా ముక్కు కింద పెట్టుకుంటే గుడ్లురిమేవాడు. "వాసన దగ్గరికి నువ్వు పోకూడదు. దాన్నే నీ దగ్గరికి పిలవాలి. ఇదిగో, ఇలా." అరచెయ్యి దొప్పలా చేసి, సీసా మూతి మీదనుంచి గాలిని తన వైపు తోసుకునేవాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని లోపలికి రమ్మన్నంత మర్యాదగా ఉండేది ఆ కదలిక. మా అందరి చేతా చేయించాడు. వరసగా నిలబడి, సీసా ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ పిలిచాం.

ఇంకోటి. ఎక్కడికెళ్లినా సీలున్న బాటిల్ నీళ్లే తాగేవాడు. మూత చెవి దగ్గర పెట్టుకుని తిప్పేవాడు. సీలు తెగిన చప్పుడు వినపడితేనే గుటక.

పాఠం మొదట్లో, చివర్లో, భోజనానికి ముందు ఒకటే ప్రశ్న.

"ఫస్ట్ రూల్ ఏంటి?"

మేమంతా గొంతు చించుకుని, "తాగేవాళ్లకి ముందు చెప్పాలి!"

రిపోర్టు తర్వాత, ఆఫీసు తర్వాత, ఓనరు తర్వాత. ఆ నీళ్లు తాగుతున్న మనిషికి ముందు చెప్పాలి. అదీ ఆయన రూలు. అది విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ప్రాక్టికల్స్‌కి హనుమాన్ జంక్షన్ తీసుకెళ్లేవాడు. జంక్షన్ దాటాక రోడ్డు వారన మూతబడిన లారీ షెడ్డు ఒకటుంది. ఒకప్పుడు అక్కడ నేలలో డీజిల్ టాంకు పాతిపెట్టారు. అది తుప్పు పట్టి కారి కారి లోపలి నీళ్లలో కలిసింది. షెడ్డు ఓనరు ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. షెడ్డు వెనక ఒక చేతి బోరింగు, దాన్ని ఆనుకుని ఒక రేకుల ఇల్లు. ఆ ఇంటావిడ కొల్లేటి వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడింది. జంక్షన్లో బస్సులాగే చోట ఎండు చేపలు అమ్ముతుంది. ఇంట్లో కోడలు, పాకే వయసున్న మనవరాలు.

అక్కడ మా పని ఏంటంటే, ముందు బోరింగు కొట్టి కొట్టి బకెట్ల కొద్దీ నీళ్లు తోడి పారబొయ్యాలి. గొట్టంలో నిలవున్న పాత నీళ్లు పోయి, నేలలోంచి కొత్త నీళ్లు వచ్చాక అప్పుడు సీసాలో పట్టాలి. ల్యాబుకి పంపితే కొత్త నీళ్లే వెళ్లాలి కదా, అందుకు. చొక్కాలు తడిసిపోయేలా కొట్టాం. నీళ్ల మీద ఇంద్రధనస్సు రంగుల్లో నూనె తెట్టు తేలుతోంది. తర్వాత కాలేజీ పిల్లల్లా చెట్టు కింద కూర్చుని ఈ చోటుని ఎలా శుభ్రం చెయ్యాలో ప్లాన్లు రాశాం. నాదే బాగుందని సారు చప్పట్లు కొట్టించాడు. ఆవిడ మాకందరికీ టీ ఇచ్చింది. ఆ టీ నీళ్ల కోసం బిందెతో హైవే అవతలున్న పంచాయతీ కుళాయి దాకా వెళ్లొచ్చింది. లారీలు దూసుకుపోతుంటే ఇవతల నిలబడి కోడలు కేకలేస్తోంది, "చూసుకుని దాటు అత్తా! అదుగో ఎర్రబస్సు!" సారు రెండు గ్లాసులు తాగాడు. "ఏమ్మా, నీ టీ కోసమే ఈ బ్యాచ్‌లు పెడుతున్నా," అన్నాడు. ఆవిడ మురిసిపోయి తన చేపల బుట్టలోంచి ఎండు మెత్తళ్లు పొట్లం కట్టిచ్చింది.

రెండేళ్లు పోయాక మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లతో పాటు నన్ను మళ్లీ పంపారు. అదే హాలు, కాళ్ల కింద మెసేజ్ అన్న అదే జోకు, అదే షెడ్డు. బోరింగు కొడితే అదే తెట్టు. ఇన్ని బ్యాచ్‌లు ఇన్ని ప్లాన్లు రాసినా అక్కడ ఒక్క తట్ట మట్టి కూడా ఎవరూ తీసినట్టు లేదు. అప్పటికే నాకు లోపల ఏదో మొదలైంది. ఆవిడ టీ పట్టుకొచ్చింది. ట్రేలోంచి కిరసనాయిలు వాసన. వాళ్లది కిరసనాయిలు స్టవ్వే కదా అనుకున్నాను.

"నాకొద్దమ్మా, షుగరొచ్చింది," అన్నాడు సారు.

ముందురోజు హోటల్లో ఆయన నా పక్కనే కూర్చుని గులాబ్ జామూన్ తిని, ఇంకోటి వేయించుకుని, పాకం కూడా స్పూనుతో తాగాడు. నా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఏం పిన్నీ, ఇంకా ఆ రోడ్డు దాటి నీళ్లు మోస్తున్నావా?" అన్నాను.

"ఎక్కడ పాపా, మానేశాంగా! కోడలు బిందెతో పడి మోకాలు కొట్టుకుంది. ఇప్పుడన్నీ బోరింగు నీళ్లే. తాగటానికీ, వంటకీ, ఈ టీకీ."

"ఈ బోరింగు నీళ్లా?"

"ఇంకేముంది ఇక్కడ? మొదట్లో సారే వద్దన్నారు, చెడ్డ నీళ్లు, తాగొద్దమ్మా అని. మరి ఇన్నాళ్లూ మీరంతా వచ్చి ఆ చెడ్డ నీళ్లు తోడి పారబోస్తానే ఉన్నారుగా. ఇంకా ఎందుకుంటాయి? కాస్త వాసనొస్తది గానీ, అది మా పొయ్యి వాసన."

చుట్టూ ఇరవై ఏళ్ల వాళ్లు గ్లాసులు పట్టుకుని టీ ఊదుకుంటున్నారు. కొందరు తాగేశారు. సారు కొత్త బాటిల్ తీసి మూత చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతున్నాడు.

నేను అరిచానంటారు. నాకు గుర్తున్నంతవరకు అడిగానంతే. "సార్! ఫస్ట్ రూల్ ఏంటి సార్?"

బ్యాచ్ అంతా, పాపం, అలవాటుగా కోరస్ అందుకుంది. "తాగేవాళ్లకి ముందు చెప్పాలి!"

"మరి చెప్పండి సార్. ఆవిడ ఇక్కడే ఉంది."

ఆయన జేబురుమాలు తీశాడు. ఒక మడత విప్పి చెయ్యి తుడుచుకుని లోపలికి తిప్పాడు.

"ఏంటి సారూ, ఈ పాప ఏమంటంది?" అంది ఆవిడ.

"ఏం లేదమ్మా. ఈ అమ్మాయికి కాస్త కోపం ఎక్కువ. రిపోర్టు రానీ, చూద్దాం."

"ఏ రిపోర్టు సార్? ప్రతి బ్యాచ్ రిపోర్టూ మీ బీరువాలోనే ఉందిగా! పిన్నీ, ఈ నీళ్లు తాగకు. ఎవరూ ఏదీ బాగు చెయ్యలేదు. మేం తోడింది మా సీసాలో మంచి శాంపిల్ పడాలని. అంతే. మీకోసం కాదు."

ఆవిడ నవ్వింది. పళ్లన్నీ కనపడేలా హాయిగా నవ్వింది. "ఊరుకో పాపా! ఇంతమంది చదువుకున్నోళ్లు వ్యానేసుకుని వచ్చి, ఊరికే తోడిపోస్తారా ఏంటి?"

చదువుకున్నవాళ్లు సరిగ్గా అదే చేస్తారని ఎలా చెప్పను? కిట్టులోంచి స్పానర్ తీసి బోరింగు హ్యాండిల్ బోల్టు విప్పడం మొదలెట్టాను. సారు మెల్లగా వచ్చి నా చేతిలోంచి స్పానర్ తీసుకున్నాడు. కోపంగా కూడా కాదు, కూతురి చేతిలోంచి కత్తిపీట తీసుకున్నట్టు.

"అమ్మాయ్, మధ్యాహ్నం సెషన్‌కి రెండో శాంపిల్ తియ్యాలి."

అని, నేను వదులు చేసిన బోల్టుని తనే బిగించాడు. చక్కగా, వంకర పోకుండా, అడుగున వాషర్ చూసుకుని మరీ.

వ్యాన్లో ఆయన పక్కనే కూర్చుని అడిగాను. శుభ్రం ఎందుకు చేయించరు సార్ అని. అక్కడైనా ఆయన సిగ్గుపడితే ఈ రాత ఇంకోలా ఉండేదేమో. ఆయన ఓపిగ్గా పాఠం చెప్పాడు.

"చూడమ్మాయ్, క్లీనప్ అంటే ఓనరు దొరకాలి, ఆర్డరు రావాలి, మిషన్లు రావాలి. ట్రైనింగుకి అవేం అక్కర్లేదు. పైగా ఇంత మంచి సైటు మళ్లీ దొరకదు. హైవే పక్కనే ఉంది. నీడుంది. కాలుష్యం కూడా కరెక్టుగా ఉంది, మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. బాగు చేస్తే రేపటి పిల్లలకి ఏం చూపిస్తాం?"

"మరి ఆవిడకి చెప్పచ్చుగా?"

"చెప్తే గొడవవుతుంది. రానివ్వరు." సీటులో వెనక్కి వాలి, "చెప్తాలే. నెక్స్ట్ బ్యాచ్‌కి వచ్చినప్పుడు."

నేను కిటికీ వైపు తిరిగి ఫోను తీశాను. ఆ రోజు నుంచీ తెలిసిన గవర్నమెంటు ఆఫీసులన్నిటికీ ఫోన్లు కొట్టాను. షెడ్డు ఓనరెవరో తేలనివ్వండి అన్నారు ఒకరు. ఆ బోరింగు మీద ఎవరో పెద్ద సంస్థవాళ్లు ఎప్పటినుంచో పని చేస్తున్నారు కదండీ, వాళ్లనే అడగండి అన్నారు ఇంకొకరు. సంస్థ డైరెక్టరుగారి దగ్గరికెళితే ఆయన కాఫీ తెప్పించి, "మన కోర్సు క్లీనప్ మీదమ్మా. క్లీనప్ కాదు," అన్నాడు.

అటు వెళ్లినప్పుడల్లా జంక్షన్లో దిగి ఆవిడకి చెప్పాను. చేపల బుట్ట ముందు గొంతుక్కూర్చుని చెప్పాను, తిట్టాను, బతిమాలాను. మెత్తళ్లు తూస్తూనే ఒకటే జవాబు.

"సారు చెప్తే మానేస్తా పాపా. మొదట వద్దంది ఆయన. ఇంకా చెడ్డయ్యేనని ఆయన్నే చెప్పమను. నీకు కోపం ఎక్కువని సారు చెప్పారుగా."

ఆయనకి ఫోన్ చేశాను. ఒక్క మాట సార్, మీ నోటితో ఒక్క మాట. "తప్పకుండా అమ్మాయ్," అనేవాడు ఎప్పుడు చేసినా. ఆ గొంతులో అంత తీపి ఉండేది.

ఆ ఒక్క మాటా చెప్పకుండా పోయాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. పాత బ్యాచ్‌ల వాళ్లంతా వచ్చారు, ఎక్కడెక్కడో మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. స్టేజీ మీద ఆయన ఫోటో ఫ్లెక్సీ, దండ. ముందు బల్ల మీద సీలు తియ్యని నీళ్ల బాటిల్ ఒకటి పెట్టారు, ఆయనకి ఇష్టమని. పక్క గదిలోంచి బిర్యానీ మసాలా వాసన. డైరెక్టరుగారు మైకు పట్టుకుని గొంతు బొంగురు చేసుకున్నాడు.

"సారు మనకి నేర్పిన ఫస్ట్ రూల్ ఏంటి?"

హాలంతా ఒక్క గొంతుతో, "తాగేవాళ్లకి ముందు చెప్పాలి!"

అప్పుడు చూశాను. చివరి వరసలో, గోడ పక్క కుర్చీలో అంచు మీద కూర్చుని ఉంది ఆవిడ. సంస్థ డ్రైవరు చెప్పాడట, బస్సెక్కి వచ్చింది. ఒళ్లో చేసంచీ, సంచీలో మెత్తళ్ల పొట్లం. డైరెక్టరుగారు ఆవిణ్ణి గుర్తుపట్టి స్టేజీ మీదికి పిలిచాడు. మైకు ఎటు పట్టుకోవాలో తెలీక ఆవిడ ఫోటో వైపు తిరిగి మాట్లాడింది.

"దేవుడండీ ఆయన. మా నీళ్లు బాగు చెయ్యాలని ఎండనక వాననక తిరిగారు. పిల్లల్ని వెంటేసుకొచ్చి తోడించేవోరు. ఇప్పుడు మా మనవరాలు కూడా ఆ నీళ్లే తాగతంది. ఇంకెవరొస్తారండీ మాకు?"

చప్పట్లు. నిజంగా చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న ఆయన కళ్లు తుడుచుకున్నాడు. వీళ్లలో ప్రతి ఒక్కడూ ఆ బోరింగు కొట్టినవాడే. ఆ తెట్టు చూసినవాడే. ఆవిడేమందో విని కూడా చప్పట్లు కొడుతున్నాడు.

ఆవిడ దిగొచ్చి నన్ను చూసి నా పక్కన కూర్చుంది. "ఎక్కువ మాట్లాడానా పాపా? నోరెండిపోయింది," అని సంచీలోంచి సీసా తీసింది. మేం సైటు మీద వదిలేసిన మినరల్ వాటర్ ఖాళీ సీసాయే. అందులో బోరింగు నీళ్లు. మూత తీసి ఒక గుక్క తాగింది.

నేను లాక్కున్నాను. సీసా ఎత్తి పట్టుకుని లేచి నిలబడ్డాను. "వాసన చూడండి! మీరంతా నేర్చుకున్నారుగా, చూడండి! చూసి ఈవిడకి చెప్పండి! నా మాట నమ్మదు, మీరు చెప్పండి!" అని పక్కాయన చేతిలో పెట్టాను.

ఆయన కంగారు పడ్డాడు. కానీ చెయ్యి దానంతటదే లేచింది. అరచెయ్యి దొప్పలా చేసి, సీసా మూతి మీదనుంచి గాలిని మెల్లగా తన వైపు పిలిచాడు. తల ఊపాడు. "హైడ్రోకార్బన్స్," అన్నాడు గొంతు తగ్గించి. సీసా పక్కవాడికిచ్చాడు. అతనూ పిలిచాడు. "డీజిల్ రేంజ్." ఆ పక్కావిడ కొంగు సర్దుకుని, చక్కగా, తప్పు లేకుండా పిలిచింది. "యా, సేమ్ సైట్." వరస చివరి దాకా వెళ్లింది సీసా. ఒక్కడు కూడా ముక్కు కింద పెట్టుకోలేదు. ఒక్కడు కూడా తప్పు చెప్పలేదు. అంత బాగా నేర్పాడు ఆ మనిషి. ఒక్కడు కూడా ఆవిడ వైపు తల తిప్పలేదు.

సీసా మళ్లీ వరస వెంట చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది.

"ఏమంటన్నారు పాపా?" అంది ఆవిడ. "బాగానే ఉన్నాయంటా?"

"ఫ్రెండ్స్, భోజనాలు వడ్డించారు," అన్నాడు డైరెక్టరుగారు మైకులో. కుర్చీలు జరిగిన చప్పుడు. అందరూ లేచారు.

నేను స్టేజీ దగ్గరికెళ్లి ఫోటో ముందున్న బాటిల్ తీసుకొచ్చి ఆవిడ ముందు పెట్టాను. "పిన్నీ, ఇవి తాగు. అవి విషం. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆవిడ ఆ బాటిల్ని కళ్లకద్దుకుని కుర్చీ మీద పెట్టేసింది. "తప్పు పాపా, అది సారుకి పెట్టింది." తర్వాత నా చేతిలోని సీసా కోసం చెయ్యి చాపింది. "ఇటియ్యి. బస్సులో దాహమేస్తది."

నేను ఇవ్వలేదు. పక్క గదిలో ప్లేట్ల చప్పుడు మొదలైంది. ఆవిడ ఓపిగ్గా, చిన్నపిల్లతో ఉన్నట్టు నవ్వుతూ, ఆ చెయ్యి అలాగే చాపి నిలబడింది.